ప్రశాంతిలో బెర్తు దొరికింది, ఆఖరి 14 కిలోమీటర్లకు బండి దొరకలేదు

కొండమీది_కాఫీ
ఉండేది బెంగళూరు బెళ్లందూరులో. సొంతూరు పాడేరు నుంచి ఇంకా లోపలికి, కొండ మీద. ఊరి పేరు రాయను, రాసినా మ్యాపులో దొరకదు. దసరాకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్ళి, ఆర్టీసీ కాంప్లెక్సులో పాడేరు బస్సు ఎక్కాను. ఆ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఒక ఎత్తు, పాడేరు దాటాక ఆఖరి 14 కిలోమీటర్లు ఒక ఎత్తు. జీపు స్టాండులో రెండు గంటల పైన కూర్చున్నా. జీపు నిండదు, నిండకపోతే కదలదు. ఆఖరికి రెండు అల్లం బస్తాల మధ్య ఇరుక్కుని, కాళ్ళ కింద ఎవరివో కోళ్ళు కొక్కొరొకోమంటుంటే ఇల్లు చేరాను.

నా సంగతి వదిలేయండి, ఏడాదికి రెండుసార్లు. అమ్మకి బీపీ, షుగరు. నెలకోసారి పాడేరు ఆసుపత్రికి దిగాలి. పొద్దున జీపు దొరుకుతుంది. లైనులో నిలబడి మందులు తీసుకునేసరికి మూడవుతుంది. తిరుగు జీపు రెండున్నరకే నిండి వెళ్ళిపోతుంది. పోయిన నెల చుట్టాలింట్లో పడుకుని మర్నాడు వచ్చింది.

ఇక్కడ ఫోను మీద వేలు పెడితే నాలుగు నిమిషాల్లో ఆటో గేటు ముందుంటుంది. కొండ ఊళ్ళకి అలా పిలిస్తే వచ్చే చిన్న బస్సు ఎందుకు ఉండకూడదు? బయటి దేశాల్లో ఉన్నాయట. రవాణా మీద పనిచేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కుదిరే పనేనా?

పలమనేరు_పిల్లోడు
నాలుగు నిమిషాల్లో ఆటోనా? బెళ్లందూరులోనా? అన్నా, నువ్వు ఏ బెంగళూరులో ఉంటున్నావు?

సిల్క్‌బోర్డు_బాధితుడు
వర్షం పడితే మేం కూడా దారి తెగిన కొండ ఊరే. ఆ మినీ బస్సేదో ముందు ఇటు పంపండి.

జీపీఎస్_గోపి
వైట్‌ఫీల్డులో బండ్ల రూటింగ్ సాఫ్ట్‌వేర్ మీదే నా ఉద్యోగం. దీన్ని డిమాండ్ రెస్పాన్సివ్ ట్రాన్స్‌పోర్ట్ అంటారు, డీఆర్‌టీ. టైమ్‌టేబుల్ ఉండదు, లేదా సగమే ఉంటుంది. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలో ముందే చెప్తారు, అవన్నీ కలిపి సిస్టమ్ రూటు వేస్తుంది. వేల్స్‌లో 2020లో ఫ్లెక్సీ అని మొదలుపెట్టారు. స్విట్జర్లాండులో పోస్టు బస్సుల వాళ్ళే అప్పెంజెల్ కొండల్లో పబ్లికార్ నడుపుతున్నారు.

అల్గారిథమ్ చేతిలో పనే. 14 కిలోమీటర్లు, ఒకటే ఘాట్ రోడ్డు, అయిదారు ఊళ్ళు. ఓపెన్ సోర్సుతో రెండు శని, ఆదివారాల్లో ప్రోటోటైప్ చేసేస్తా. యాప్ తెలుగులో పెడదాం.

అనకాపల్లి_బెల్లం
గోపీ, యాప్ తెలుగులో పెడతావు సరే, సిగ్నల్ ఏ భాషలో పెడతావు? మా అమ్మమ్మ ఊళ్ళో సిగ్నల్ బండ అని ఒకటుంది. ఫోన్ మాట్లాడాలంటే దాని మీద నిలబడాలి. కూర్చుంటే కట్ అవుతుంది.

కొండమీది_కాఫీ
మా ఊళ్ళోనూ అంతే, బండ బదులు స్కూలు వెనక గట్టు.

జీపీఎస్_గోపి
సరే, ఎస్‌ఎమ్‌ఎస్‌తో చేద్దాం. నేను చెప్పిన ఫ్లెక్సీలో కూడా ఫోన్ చేసి బుక్ చేసుకోవచ్చు, యాప్ ఉండాలని లేదు.

రైట్_రైట్
నేను ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయి కేఆర్ పురంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. డిపో పేరు వద్దు. చిత్తూరు జిల్లా కొండ ఊళ్ళ వైపు పదకొండేళ్ళు ఒకే రూటు చేశాను, నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఎనిమిదిన్నరకు ఊరు చేరేది. నేనూ డ్రైవరూ బడి వరండాలో పడుకునేవాళ్ళం. పొద్దున అయిదున్నరకు అదే బస్సు కిందికి.

పిలిస్తే వచ్చే బస్సు కొత్తది అంటున్నారు. రాత్రి అన్నం తినేటప్పుడే ఒక్కొక్కరూ వచ్చి చెప్పిపోయేవాళ్ళు. "సార్, రేపు మా పాపకు పరీక్ష, అయిదు నిమిషాలు చూడండి." "మా నాయనను ఆసుపత్రికి తీసుకుపోవాల, ముందు సీటు ఉంచండి." తెల్లవారుజామున కింది మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టేవాళ్ళం. పైన కొట్టాల్లో ఎవరైనా రావాలనుకుంటే టార్చిలైటు ఊపేవాళ్ళు. లైటు ఊగితే ఆగేది బస్సు, ఊగకపోతే రైట్ రైట్. ఇది బుకింగు కాదా?

తరవాత ఈపీకే తక్కువ అని ఆ సర్వీసు కట్ చేశారు. ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి. మా టికెట్లు కొట్టే టిమ్ మెషీనులో టికెట్లు కనబడతాయి గాని, ఊగిన టార్చిలైట్లు కనబడవు.

పలమనేరు_పిల్లోడు
సార్, స్విస్ పోస్టు బస్సుకి కూడా మలుపుల్లో కొట్టే హారన్ ఉంటుంది. మూడు స్వరాలు, రొస్సీనీ సంగీతంలోంచి తీసుకున్నది. మీది రెండు స్వరాలు. ఒక స్వరంలో వెనకబడ్డాం అంతే.

హెచ్‌ఎస్‌ఆర్_హరిత
రైట్_రైట్ గారు చెప్పింది చాలా ముఖ్యం. నేను రవాణా ప్లానింగులో పనిచేస్తాను. గోపి చెప్పిన దేశాల్లో నిలబడినవీ ఉన్నాయి, పడిపోయినవీ ఉన్నాయి. పడిపోయినవాటి గురించి ఎవరూ మాట్లాడరు.

హెల్సింకీలో కుత్సుప్లుస్ అని 2012లో మొదలుపెట్టారు. మినీ బస్సులు, ఫోన్లో బుకింగు, అద్భుతమైన సాఫ్ట్‌వేర్. ఎక్కినవాళ్ళకి నచ్చింది కూడా. కానీ టికెట్ డబ్బులతో ఖర్చులో కొద్ది భాగమే వచ్చేది, మిగతాదంతా నగరం పెట్టుకోవాలి. బండ్లు బాగా పెంచితే గాని ఖర్చు దిగదు, పెంచడానికి డబ్బు లేదు. 2015 ఆఖరుకి మూసేశారు.

కెనడాలో టొరంటోకి ఉత్తరాన ఇన్నిస్‌ఫిల్ అని చిన్న టౌను. బస్సు రూటు వేయడం దండగని 2017లో ఊబర్‌తో ఒప్పందం చేసుకున్నారు. టికెట్లో కొంత జనం ఇస్తారు, మిగతాది టౌను ఇస్తుంది. జనానికి బాగా నచ్చింది. గొడవ అక్కడే వచ్చింది. బస్సయితే పదిమంది ఎక్కినా ముప్ఫైమంది ఎక్కినా ఖర్చు దాదాపు ఒకటే. ఇక్కడ ఎక్కే ప్రతి మనిషికీ టౌను డబ్బు కట్టాలి. 2019లో రేట్లు పెంచి, నెలకి మనిషికి 30 ట్రిప్పులని హద్దు పెట్టారు.

అందుకని యాప్ ఎవరు రాస్తారు అని కాదు, ఖాళీ సీటుకి డబ్బు ఎవరు ఇస్తారు అని అడగాలి.

ట్యాక్స్_కట్టేవాణ్ణి
నేనే అడుగుతా, తిట్టుకోకండి. యాభై ఇళ్ళున్న ఊరికి బస్సు వేసి నష్టం మన నెత్తిన ఎందుకు? వాళ్ళని కింద రోడ్డు పక్కకి మార్చి ఇళ్ళు కట్టిస్తే పోదా? ఒక్కసారి ఖర్చు.

డ్రైవర్_కొడుకు
వాళ్ళ కాఫీ తోట కూడా కిందికి మారుస్తావా బ్రో? నువ్వు పొద్దున్నే తాగే అరకు కాఫీ ఎక్కడి నుంచి వస్తోంది మరి?

అనకాపల్లి_బెల్లం
పల్లెలకి రోడ్లు వేసే కేంద్ర పథకం పీఎంజీఎస్‌వై కింద మైదానంలో 500 జనాభా ఉంటే రోడ్డు. కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 ఉంటే చాలు. పీఎం జన్‌మన్ వచ్చాక ఆదిమ గిరిజన తెగల ఊళ్ళకి 100 ఉన్నా వేస్తున్నారు. అంటే ఆ ఊరు అక్కడే ఉంటుందని ప్రభుత్వమే ఒప్పుకుని తారు పోసింది. పోసిన తారు మీద ఏం తిరగాలి, మేకలా?

ట్యాక్స్_కట్టేవాణ్ణి
రోడ్డు వేరు, రోజూ నష్టంతో బస్సు నడపడం వేరు.

కోలారు_తెలుగు
మన మెట్రో టికెట్ డబ్బులతోనే కట్టారనుకుంటున్నారా గురూ? నీ ఇంటి ముందు ట్యాక్సు ఖర్చయితే అభివృద్ధి, కొండ మీద ఖర్చయితే నష్టం.

అడ్మిన్
ఇద్దరూ టీ తాగి రండి. విషయం మీదికి వద్దాం.

డ్రైవర్_కొడుకు
పైన ఎవరో జీపు నిండితే గాని కదలదని రాశారు. మా నాన్న అరకు వైపు కమాండర్ జీపు నడిపేవాడు. ఆయన తరఫున లెక్క చెప్తా.

రానూపోనూ 28 కిలోమీటర్లు అనుకో. ఘాట్ ఎక్కేటప్పుడు ఫస్టు, సెకండు గేర్లే. పాత బండి లీటరుకి తొమ్మిదో పదో ఇస్తుంది. మూడు లీటర్లు, అంటే దాదాపు మూడొందలు డీజిలుకే. మనిషికి 40 తీసుకుంటే ఎనిమిదిమంది ఎక్కితే ఆ డీజిలు డబ్బు వస్తుంది. టైర్లు, ఫైనాన్స్ వాయిదా, క్లీనరు, ఇంట్లో బియ్యం అన్నీ దాని పైన. సంత రోజు రెండు వైపులా నిండుతుంది. మామూలు రోజు పొద్దున కిందికి నిండుతుంది, మళ్ళీ పైకి రావాలంటే ఖాళీ. నాన్న సాయంత్రం స్టాండులో నిలబడి "ఇంకో ఇద్దరు, ఇంకో ఇద్దరు" అని అరుస్తుంటే నేను బానెట్ మీద కూర్చుని హోంవర్కు చేసుకునేవాణ్ణి. ముసలమ్మలు తిట్టేవాళ్ళు. ఆయనకీ కదలాలనే ఉండేది, జేబు కదలనిచ్చేది కాదు.

కొండమీది_కాఫీ
మా జీపు అన్నని మనసులో చాలా తిట్టుకున్నా. ఇప్పుడు కొంచెం సిగ్గేస్తోంది.

లాయర్‌గారి_తమ్ముడు
అన్నయ్య కోర్టులో ఉన్నాడు, అడిగి రాస్తున్నా. 1988 మోటారు వాహనాల చట్టంలో రెండు రకాలు. డ్రైవరు కాక ఆరుగురికి మించి ఎక్కించుకుని మనిషికి ఇంత అని విడివిడిగా తీసుకుంటే అది స్టేజి క్యారేజి, అంటే బస్సు లెక్క. బండి మొత్తాన్ని ఒక ఒప్పందం మీద మాట్లాడుకుంటే కాంట్రాక్టు క్యారేజి, దారిలో బయటివాళ్ళని ఎక్కించుకోకూడదు. పిలిస్తే వచ్చే మినీ బస్సు ఈ రెండింటికీ మధ్యలో పడుతుంది. పదేళ్ళ కిందట బెంగళూరులో యాప్ షటిల్స్ వచ్చి ఇబ్బంది పడింది ఈ మెలిక దగ్గరే.

జీపీఎస్_గోపి
అయితే చట్టం మార్చాలి. జపాన్‌లో 2006లో మార్చారు. బస్సూ టాక్సీ దొరకని పల్లెల్లో ఊరి సంఘాలు రిజిస్టరు చేసుకుని, మామూలు సొంత కార్లతోనే డబ్బు తీసుకుని జనాన్ని తిప్పొచ్చు. డ్రైవర్లలో తాతలూ ఉంటారు.

పలమనేరు_పిల్లోడు
మా తాతకి లూనా ఇస్తేనే ఊరంతా దాక్కునేవాళ్ళు.

అనకాపల్లి_బెల్లం
ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఉచిత బస్సు సంగతి. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చింది, మంచిదే, నేను వ్యతిరేకం కాదు. మా అమ్మమ్మ ఆధార్ కార్డు కొంగున కట్టుకుని నాలుగు కిలోమీటర్లు కొండ దిగి వచ్చి ఆ బస్సు ఎక్కుతోంది. బస్సూ ఉచితమే, నడకా ఉచితమే. జీపుకి మాత్రం డబ్బులు. బస్సు వెళ్ళే ఊళ్ళ ఆడవాళ్ళకి టికెట్ మాఫీ అయింది, బస్సు వెళ్ళని ఊళ్ళవాళ్ళు పాత రేటే కడుతున్నారు.

కోలారు_తెలుగు
కర్ణాటక శక్తి పథకంలో మా చెల్లికి ఫ్రీ, దాని రూమ్మేట్‌ది నెల్లూరు ఆధార్ కాబట్టి టికెట్. ఒకే సీటులో కూర్చుని రోజూ అదే గొడవ.

మలెనాడు_అల్లుడు
మా అత్తగారి ఊరు చిక్కమగళూరు జిల్లా కొప్ప దగ్గర. అక్కడి కథ మీకు పనికొస్తుంది. ఒక ప్రైవేటు బస్సు కంపెనీ మూతపడితే 1991లో అందులోని కార్మికులే సహకార సంఘం పెట్టుకుని బస్సులు నడిపారు. పేరు సహకార సారిగె, అంటే సహకార రవాణా. డ్రైవర్లు, కండక్టర్లే యజమానులు. మలుపు మలుపుకీ ఒక తోట, తోటకో ఇల్లు ఉండే ప్రాంతం. మా మామగారు కాఫీ మొక్కలకి మందు కావాలంటే కండక్టరు చేతికి చీటీ ఇచ్చేవారు, సాయంత్రం బస్సులో డబ్బా దిగేది. పిల్లల క్యారేజీలు కూడా అంతే.

దాదాపు ముప్ఫై ఏళ్ళు నడిచింది. 2020లో ఆగిపోయింది. డీజిలు, జీతాలు, రాయితీ పాసులు, అన్నీ కలిసి మోయలేకపోయారు. చెడ్డవాళ్ళు నడపడం వల్ల కాదు, మంచివాళ్ళు నడిపినా సరే టికెట్ డబ్బులతో కొండ రూటు గట్టెక్కలేదు.

హెచ్‌ఎస్‌ఆర్_హరిత
మలెనాడు_అల్లుడు, ఇది నాకు తెలుసు గాని చీటీ సంగతి తెలియదు. థాంక్స్.

కొండమీది_కాఫీ, కేరళలో 2022లో గ్రామవండి అని మొదలుపెట్టారు. బస్సు, సిబ్బంది కేరళ ఆర్టీసీవి, డీజిలు ఖర్చు పంచాయతీది. ఏ దారిన, ఏ టైముకి అన్నది పంచాయతీ చెప్తుంది. సాఫ్ట్‌వేర్ లేదు, అయినా నా దృష్టిలో పిలిస్తే వచ్చే బస్సుకి దగ్గరగా ఉన్నది ఇదే. డిపోలో ఈపీకే చూసి కట్ చేసేవాడికీ, ఊళ్ళో ఎవరికి డయాలసిస్ ఉందో తెలిసినవాడికీ తేడా ఉంటుంది.

మీ ఊరికి నేనైతే రోజూ బస్సు అడగను. వారంలో సంత రోజు, ఆసుపత్రి రోజు ఖాయమైన టైము. మిగతా రోజులు ముందు రోజు సాయంత్రం ఆరులోపు చెప్తేనే బండి. ఫోను ఎత్తే మనిషి ఒకరు ఊళ్ళోనే ఉండాలి, కిరాణా కొట్టు అయినా, ఆశా వర్కరు అయినా.

రైట్_రైట్
హరితమ్మ చెప్పినదాంట్లో ఒకటి తప్ప అన్నీ ఒప్పుకుంటాను. ఫోన్ చేస్తేనే బండి అంటే మొహమాటస్తులు చెయ్యరు. "నా ఒక్కదాని కోసం బండి రమ్మనడమేంది" అని నడిచిపోతారు. నా బస్సులో ఒకామె ఉండేది, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆగమని అడగలేదు. బస్సు ఎట్లాగూ పోతుంది కాబట్టి ఎక్కేది. అట్లాంటి మనుషులే ఎక్కువ మీ కొండల్లో. పిలవడం అలవాటైనవాళ్ళు మనం.

జీపీఎస్_గోపి
ఇది నాకు తట్టనే లేదు సార్. డేటాలో డిమాండ్ సున్నా అని వస్తుంది.

హెచ్‌ఎస్‌ఆర్_హరిత
ఒప్పుకున్నా. ఖాయం రోజులు రెండు కాదు, మూడు.

కొండమీది_కాఫీ
రాత్రి అమ్మతో మాట్లాడా, గట్టు ఎక్కించి. జీపు అన్నకి కిరాణా కొట్టు నుంచి ఇప్పటికే ఫోన్లు వెళ్తాయట. పొద్దున దిగడానికి ఇబ్బంది లేదంది. "వెళ్ళడానికి బండి వద్దురా, తిరిగి తెచ్చే బండి కావాలి. అది ఉందని తెలిస్తే లైనులో స్థిమితంగా నిలబడతా" అంది. ఇన్నాళ్ళూ ఒకటి చెప్పలేదు. రెండుసార్లు డాక్టరు పిలవకముందే లైను వదిలేసి జీపు కోసం వచ్చేసిందట. నా దగ్గర మందులు తీసుకున్నానని చెప్పింది.

డ్రైవర్_కొడుకు లెక్కతో నేనూ వేశా. జీపులో పదిమంది. సాయంత్రం నాలుగున్నరకి నలుగురే ఉన్నా కదలాలంటే ఆరు ఖాళీ సీట్లు, 240. వారానికి రెండు రోజులు, నెలకి ఎనిమిది ట్రిప్పులు, 1,920. ఇందిరానగర్‌లో మా టీమ్ ఒక్క రాత్రి తిండి బిల్లు ఇంతకంటే ఎక్కువ. ఖాళీ సీట్ల డబ్బు నేనే పంపిస్తా అని జీపు అన్నతో అంటే ఎలా ఉంటుంది?

ట్యాక్స్_కట్టేవాణ్ణి
1,920 ఏనా? నెలంతా కలిపి? సగం నేనేస్తా, పంపించు నంబరు. నా వాదన మాత్రం మారలేదు.

హెచ్‌ఎస్‌ఆర్_హరిత
మంచిదే, మొదలుపెట్టండి. కానీ మీ ఉద్యోగం పోయిన నెల ఏమవుతుంది? ఎవరు ఎక్కారు, ఎన్ని ఖాళీ అని కిరాణా కొట్టులో ఒక నోటుబుక్కు పెట్టించండి. మూడు నెలల పుస్తకం పట్టుకుని పంచాయతీకి వెళ్ళొచ్చు. నోటి మాటతో వెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు.

లాయర్‌గారి_తమ్ముడు
బండి పర్మిట్, ఇన్సూరెన్స్ చూసుకోండి, సీట్లకి మించి ఎక్కించొద్దు. అన్నయ్య ఫీజు అడగలేదు, నేను అడుగుతున్నా, ఒక కేజీ కాఫీ పొడి.

కొండమీది_కాఫీ
రెండు వారాల తరవాత అప్‌డేట్. జీపు అన్న ముందు నమ్మలేదు, "ఖాళీ సీటుకి డబ్బులేంటి బాబూ" అని నవ్వాడు. మొదటి వారం రెండు రోజులూ నాలుగున్నరకి కదిలాడు, అయిదుగురితో ఒకసారి, ఏడుగురితో ఒకసారి. అమ్మ డాక్టరుకి చూపించుకుని వచ్చింది. రెండో వారం మొదటి రోజు బండే రాలేదు. పెళ్ళి కిరాయి తగిలిందట, మూడు వేలు. ఆరుగురు స్టాండులో ఏడింటి దాకా కూర్చున్నారు. అమ్మ లేదు గాని పక్కింటి పెద్దమ్మ ఉంది. ఊళ్ళో ఇప్పుడు ఆ తిట్లు నాకే.

రైట్_రైట్
మా డ్రైవరుకు జ్వరం వస్తే డిపో ఇంకొకరిని పంపేది. మీకు రెండో జీపు కావాల. డబ్బు ఒకరికే ఇవ్వొద్దు, ఆ రోజు ఎవరు కదిలితే వాళ్ళకు.

డ్రైవర్_కొడుకు
మూడు వేల కిరాయి వదులుకోమని ఎవరికీ చెప్పలేం. కానీ ముందు రోజు చెప్పాలి. చెప్పకపోతే తరవాతి ట్రిప్పు డబ్బు కట్. నాన్నని అడిగితే అదే న్యాయం అన్నాడు.

కొండమీది_కాఫీ
స్టాండులో ఇంకో బండి ఆయనతో అమ్మ మాట్లాడుతోంది. ఆయనకి అల్లం బస్తాలు కూడా వేసుకోనివ్వాలట. సరే అన్నా.

పలమనేరు_పిల్లోడు
విషయం మారుస్తున్నా, ఏమనుకోవద్దు. శుక్రవారం సాయంత్రం పలమనేరు మీదుగా చిత్తూరు వైపు ఎవరైనా కారు వేస్తున్నారా? ఒక్క సీటు. కేఆర్ పురంలో ఎక్కుతా, పెట్రోలు పంచుకుందాం.

రైట్_రైట్
మావాడు ఆరున్నరకు బయలుదేరుతున్నాడు. హ్యాంగింగ్ బ్రిడ్జి దగ్గర నిలబడు. టార్చిలైటు ఊపు.